గోడమీది పెద్ద పలక

హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారట. గోడలు లేచాయి, ఇక వైరింగు పని మొదలు కావాలి. అబ్బాయి హాలు గోడకు పదిహేను అంగుళాల టచ్ స్క్రీన్ బిగించి, ఇంట్లో లైట్లు, ఫాన్లు, గీజరు, కిటికీ తెరలు అన్నీ దానితోనే నడిపిద్దామంటున్నాడట. ఆయనేమో డబ్బు దండగ అంటున్నారట. "ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమంటున్నారు. నాకేం తెలుసును? మీకు తెలిసింది రాయండి" అని అడిగారు.

తండ్రీ కొడుకుల తగవులో తలదూర్చే ధైర్యం నాకు లేదు గాని, అటువంటి పలక ఉన్న ఇంట్లో పన్నెండు రోజులు ఉండి వచ్చాను. ఆ ముచ్చట చెబుతాను. తీర్పు వారే చెప్పుకోవచ్చు.

బెంగుళూరులో మా అక్కయ్య కొడుకు ఇల్లది. పలక అన్నాను గాని, మనం చిన్నప్పుడు బడికి పట్టుకుపోయిన పలక కంటె చాలా పెద్దది. గుమ్మం దాటగానే ఎదురుగోడమీద దేవుడి పటంలాగా వెలుగుతూ ఉంటుంది. అది చూపించేటప్పుడు మావాడి ముఖమూ అంతగానూ వెలిగింది. "చూడు పిన్నీ, బయటికి వెళ్ళేటప్పుడు ఇదొక్కటి తాకితే ఇల్లంతా ఆరిపోతుంది" అన్నాడు. "ఇల్లు ఆరిపోవడమేమిట్రా, అవేం మాటలు!" అని అక్కయ్య కసిరింది. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో అందులో కనబడుతుంది. మిద్దెమీద తొట్టిలో నీళ్ళెంత ఉన్నాయో గీత గీసినట్టు చూపిస్తుంది. బెంగుళూరులో కాపురం చేసేవాళ్ళకు ఆ గీత విలువేమిటో వేరే చెప్పాలా? నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది.

మూడోనాటి సాయంత్రం భోజనాల దగ్గర అక్కయ్యకు గ్లాసుతో నీళ్ళందిస్తే, "వద్దే, ఆరు దాటింది" అంది. ఏం వ్రతం పట్టావు అన్నాను. నవ్వి ఊరుకుంది. రాత్రి పక్కలమీద చేరాక చెప్పింది. నీళ్ళు తాగితే రాత్రి లేవాలి. లేస్తే లైటు వేసుకోవడం తనకు చేతకాదు.

ఆ ఇంట్లో మామూలు స్విచ్చి ఒక్కటీ లేదు. హాల్లో పెద్ద పలక, గదికొక చిన్న పలక. రాత్రిపూట అవి చీకటిగా పడుకుని ఉంటాయి. ఒకసారి తాకి నిద్రలేపాలి. తరువాత గదుల జాబితా తాకాలి, తన గది తాకాలి, స్నానాలగది తాకాలి, అప్పుడు లైటు. వెరసి ఐదు తాకుళ్ళు. కళ్ళజోడు లేకపోతే అక్షరాలు కనబడవు. ఆ చీకట్లో కళ్ళజోడే కనబడదు. పైగా, "పేరుకు పలక గాని, నేను తాకితే పలకదే అది" అంది. కొడుకు మంచివాడే. నన్ను లేపమ్మా అంటాడు. పన్నెండు దాకా ఆఫీసు పని చేసి పడుకున్నవాణ్ణి రెండింటికి లేపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? నోటితో చెప్పినా వింటుందట గాని, ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే గోడతో కేకలు పెట్టి మాట్లాడాలి. అందుకని డెబ్బై ఆరేళ్ళ మనిషి నీళ్ళు మానేసింది. వేసవిలో రెండుసార్లు మూత్రంలో మంట వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారట. ఎందుకొచ్చిందో మాత్రం కొడుక్కి చెప్పలేదు. నన్నూ చెప్పవద్దంది.

అక్కయ్య వేలికి అది పలకకపోవడంలో వింతేమీ లేదు. ఆ అద్దంలో కంటికి కనబడని పల్చని పొర ఒకటి ఉంటుంది. దానిమీద కొద్దిపాటి విద్యుత్తు నిలిచి ఉంటుంది. మన వేలికి కాస్త తడి ఉంటుంది గనుక, తాకినచోట ఆ విద్యుత్తు రవ్వంత మారుతుంది. ఎక్కడ మారిందో లోపలి యంత్రం లెక్కకట్టుకుంటుంది. ముసలితనంలో చర్మం ఎండి గట్టిపడితే ఆ మార్పు దానికి అందకపోవచ్చు. చెయ్యి మరీ తడిగా ఉన్నా చిక్కే. నీటిబొట్టునే వేలనుకుని ఒకటి తాకితే ఇంకొకటి వెలిగిస్తుంది. పిండి కలుపుతూ, అంట్లు తోముతూ మధ్యలో లేచి లైటు వేసే మనకు ఇది చిన్న సంగతి కాదు. ఈ విద్యను మొదట 1965లో వివరించినవారు ఇంగ్లండులో మాల్వర్న్ రాడారు పరిశోధనశాలలోని ఇ. ఎ. జాన్సన్. విమానాల రాకపోకలు చూసే ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాశారు. కుర్చీలో కూర్చుని, తెరవంకే చూస్తూ పనిచేసే వాళ్ళకది. చీకట్లో గోడ తడుముకునే వాళ్ళకు కాదు.

చూడకుండా చేతికి దొరకడమే స్విచ్చిలో ఉన్న గుణం. ఇది ముసలివాళ్ళ గొడవ మాత్రమే అనుకోకండి. అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ 2017 ఆగస్టులో సింగపూరు దగ్గర ఒక టాంకరు ఓడను ఢీకొంది. పదిమంది నావికులు పోయారు. చుక్కానీ, వేగమూ నడిపే పనిని టచ్ స్క్రీన్ల మీద ఒకచోటినుంచి ఇంకొకచోటికి మార్చబోయి, ఏది ఎవరి చేతిలో ఉందో తెలియక గందరగోళపడ్డారని విచారణలో తేలింది. తగిన శిక్షణ లేకపోవడమూ తోడైంది. 2019లో ఆ నౌకాదళం వారు అటువంటి ఓడల్లో వేగానికి మళ్ళీ చేత్తో తోసే మీటలే పెడతామన్నారు. అంత చదువుకున్నవాళ్ళకే అలా అయితే మా అక్కయ్యననడమెందుకు?

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. పది వాట్లు తాగే పలక రాత్రింబవళ్ళు వెలిగితే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు. అదేమంత కాదు. ఆయుర్దాయం మాత్రం ఆలోచించాలి. మామూలు స్విచ్చి పాతికేళ్ళు పడి ఉంటుంది. ఈ పలకల్లో కొన్ని ఎక్కడో దూరదేశంలో ఉన్న కంపెనీ కంప్యూటరును అడిగిగాని పనిచెయ్యవు. ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా తన కంప్యూటర్లు ఆపేసింది. తరువాత వాడకందార్లే కొందరు కలిసి దాన్ని కొని నడిపించుకున్నారు. అందరికీ అది సాధ్యమా? పోనీ చవకలో అవుతుందని మామూలు టాబ్లెట్టునే గోడకు అంటించి ఎల్లకాలం చార్జరుకు తగిలించి ఉంచేవారున్నారు. దానిలో బ్యాటరీ ఉబ్బే ప్రమాదముంది.

సోదరీ, వైరింగు ఇంకా కాలేదన్నారు గనుక ఒక మాట. స్విచ్చి పెట్టె ప్రతిదానిలోకి న్యూట్రలు తీగ లాగించండి. మన ఇళ్ళల్లో చాలాచోట్ల అది తిన్నగా లైటుకే పోతుంది. ఆ తీగ ఉంటే, మామూలు స్విచ్చి వెనకాలే చిన్న యంత్రం అమర్చుకుని చేత్తోనూ, ఫోనుతోనూ కూడా నడుపుకోవచ్చు. యంత్రం మూలపడినా స్విచ్చి పనిచేసేటట్టు పెట్టమని గట్టిగా చెప్పండి. పలకకని హాలు గోడలో ఒక ఖాళీ గొట్టం వదిలితే అబ్బాయి ముచ్చటా తీరుతుంది. దాన్ని అబ్బాయి ఎత్తుకు కాక మీ ఎత్తుకు బిగించమనండి. మావాడు తన కళ్ళకు సమంగా పెట్టించాడు. అక్కయ్య మెడ నిక్కించి చూడాలి.

అక్కయ్య చెప్పవద్దన్న మాట నేను చెప్పేశాను. మర్నాడు కాఫీ దగ్గర మావాడితో అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నాతో ఒక్కమాట అనలేదు పిన్నీ" అన్నాడు. ఆదివారం ఎలక్ట్రీషియనును పిలిపించి, అక్కయ్య మంచం పక్కనొకటి, స్నానాలగది బయటొకటి మామూలు స్విచ్చిలు పెట్టించాడు. దారిలో మోకాలెత్తున, మనిషి కదిలితే దానంతటదే వెలిగే చిన్న దీపం కూడా పెట్టారు. ఏ రకం స్విచ్చి కావాలమ్మా అని ఎలక్ట్రీషియను నాలుగైదు చూపిస్తే, అక్కయ్య ఒక్కొక్కటే నొక్కి చూసి, గట్టిగా టక్కుమన్నదాన్ని ఏరుకుంది.

హాల్లో పలక అలాగే ఉంది. పొద్దున్నే గేటు దగ్గరికి పూలమ్మాయి వచ్చిందో లేదో అక్కయ్య అందులోనే చూసుకుంటోంది.