పన్నెండు వోల్టులున్నా వెలగని దీపం

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. ఓమ్ నియమాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అయినా ఒక చిన్న దీపం దగ్గర మూడు రోజులు ఓడిపోయాను. ఆ సంగతి చెప్పి, మన ప్రయోగశాలల గురించి నా అభిప్రాయం ఒకటి మీ ముందు పెడతాను. మీ మాస్టార్లకు అది నచ్చకపోవచ్చు.

2019 వేసవిలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అప్పటికే మా అల్లుడు ఒక పాత మోటార్ హోమ్ కొని పెరట్లో నిలబెట్టుకున్నాడు. 1976లో తయారైన బండి. మోటార్ హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు డ్రైవరు సీటు, వెనక మంచం, మధ్యలో పొయ్యి, కుళాయి, స్నానాలగది. సెలవుల్లో కుటుంబమంతా అందులోనే తిరుగుతూ, అందులోనే వండుకు తిని, అందులోనే పడుకుంటారు.

ఆ బండిలో రెండు రకాల కరెంటు ఉంటుంది. దీపాలు, నీళ్ళ పంపు, చిన్న ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ప్లగ్గులకూ చల్లదనం యంత్రానికీ అమెరికా ఇళ్ళలో ఉండే 120 వోల్టులు కావాలి. బండి ఎక్కడైనా ఆగినప్పుడు లావుపాటి కేబులుతో అక్కడి స్తంభం నుంచి దాన్ని తీసుకుంటారు. రేవులో ఆగిన ఓడ ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటుంది చూశారూ, అందుకే దీనికీ ‘షోర్ పవర్’ అనే పేరొచ్చింది. కన్వర్టర్ అనే పెట్టె ఆ 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దీపాలకిచ్చి, బ్యాటరీని కూడా ఛార్జి చేస్తుంది.

మొదటి రోజు పొయ్యి పక్కనున్న ప్లగ్గు పనిచేయలేదు. అల్లుడు స్క్రూడ్రైవరు తీశాడు గాని, దాని అవసరం రాలేదు. స్నానాలగదిలోని ఇంకో ప్లగ్గు మీద చిన్న బటన్ ఉంది. అది నొక్కగానే పొయ్యి దగ్గరి ప్లగ్గుకు ప్రాణం వచ్చింది. ఆ బటన్ ఉన్న సాధనం వెళ్ళే కరెంటునూ తిరిగివచ్చే కరెంటునూ ఎప్పుడూ పోల్చి చూస్తుంటుంది. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందా, మిగతాది ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతోందేమోనని క్షణంలో కరెంటు ఆపేస్తుంది. చార్లెస్ డాల్జీల్ అనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు 1961లో దీన్ని రూపొందించాడు. దాని వెనక వరసగా కలిపిన ప్లగ్గులన్నీ దానితోపాటే ఆగిపోతాయి. అంటే ఆగిపోయిన చోటే జబ్బు ఉండాలని లేదు. ఈ పాఠం నాకు మొదటి రోజే దొరికింది. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇక దీపం సంగతి. వెనక మంచం పైన 12 వోల్టుల, 18 వాట్ల బల్బు ఒకటి. స్విచ్ వేస్తే మిణుగురులా ఎర్రగా కనబడుతుందే తప్ప వెలగదు. బల్బు తీసి హోల్డరులో మీటరు పెట్టాను. 12.4 వోల్టులు! కరెంటు నిక్షేపంగా వస్తోందనుకుని కొత్త బల్బు వేశాను. అదీ మిణుగురే. “మామయ్యగారూ, స్విచ్చే పోయుంటుంది” అన్నాడు అల్లుడు. నాకూ అదే తోచింది. పాతది పీకి కొత్త స్విచ్ బిగించాం. ఏమీ మారలేదు. మళ్ళీ బల్బు తీసి కొలిచాను. మళ్ళీ 12.4.

మూడో రోజు తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు వచ్చి కాసేపు చూసింది. “తాతయ్యా, బల్బు పెట్టి కొలిచావా?” అంది.

“బల్బు ఉంటే మీటరు కడ్డీలు ఎక్కడ పెడతావే?”

“వెనక మరల మీద.”

అలాగే కొలిచాం. 5.2 వోల్టులు!

మీరు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బల్బు లేకపోతే 12.4, ఉంటే 5.2. మిగతా 7.2 వోల్టులు ఎక్కడికి పోయాయి?

వలయంలో ఎక్కడో ఒక చెడ్డ అతుకు ఉంది. దాని నిరోధం ఏడెనిమిది ఓములు అనుకోండి. బల్బు తీసేస్తే తీగలో మిగిలేది మీటరు తీసుకునే కరెంటే. మంచి డిజిటల్ మీటరు నిరోధం కోటి ఓములు. కాబట్టి ఆ కరెంటు ఆంపియరులో పదిలక్షో వంతుకు కాస్త ఎక్కువ. అంత కొంచెం కరెంటుకు ఆ అతుకు దగ్గర తగ్గే వోల్టేజి ఎంత? కంటికి కనబడనంత. అందుకే మీటరు పూర్తి 12.4 చూపించి నన్ను మూడు రోజులు తిప్పింది. బల్బు పెట్టగానే సుమారు ఒక ఆంపియరు ప్రవహించింది, అతుకు తన వాటా తాను మింగేసింది. V = IR. నేనే ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం!

ఆ తరవాత వెతకడం సులువైంది. దీపం వేసి ఉంచి, దారి పొడుగునా ముక్కముక్కగా కొలుచుకుంటూ వచ్చాం. బ్యాటరీ నుంచి ఫ్యూజు, స్విచ్ మీదుగా దీపం దాకా పోయింది 0.2 వోల్టే. దీపం నుంచి వెనక్కి బ్యాటరీ ఋణధ్రువానికి వచ్చే దారిలో 7.0. మన లారీల్లో, స్కూటర్లలో లాగే ఆ బండిలోనూ చాలా చోట్ల ఒకే తీగ ఉంటుంది. తిరుగుదారి బండి ఇనుప చట్రమే. మన మెకానిక్కులు ‘బాడీ ఎర్తు’ అనేది దాన్నే. మంచం కింద చెక్క పలక తీసి చూస్తే, చట్రానికి తీగను బిగించిన మర తుప్పు పట్టి ఉంది. దాని చుట్టూ చెక్క గోధుమరంగుకు మాడింది.

ఆ మచ్చ చూసి నాకు నోట మాట రాలేదు. ఒక ఆంపియరును 7 వోల్టులతో గుణిస్తే 7 వాట్లు. రేడియో బాగుచేసే చిన్న సోల్డరింగ్ కడ్డీ వేడిలో దాదాపు సగం. అది పిల్లలు పడుకునే పరుపు కింద, చెక్కకు ఆనుకుని, దీపం వేసినప్పుడల్లా కాలుతూ వచ్చింది. మరి ఫ్యూజు ఏం చేస్తోంది? ఏమీ చేయలేదు, చేయలేదు కూడా! కరెంటు ఎక్కువైతేనే ఫ్యూజు పోతుంది. చెడ్డ అతుకు కరెంటును తగ్గిస్తుంది. ఫ్యూజు బాగానే ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. (ఫ్యూజు పోయినప్పుడల్లా రాగి తీగ రెండు పోగులు చుట్టేసే మన ఇళ్ళ సంగతి ఎత్తితే ఈ వ్యాసం ముగియదు.)

బ్యాటరీ తీగ ఊడదీసి, మర చోటును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, తీగకు కొత్త కొస వేసి బిగించాం. పావుగంట పని. దీపం తెల్లగా వెలిగింది.

ఇప్పుడు నా అభిప్రాయం. బడిలో మనం పిల్లలకు బాగా పనిచేసే వలయాన్ని ఇచ్చి, జవాబు ముందే తెలిసిన కొలతలు రాయమంటున్నాం. కొందరు జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి పట్టిక నింపుతారని ప్రతి మాస్టారికీ తెలుసు. అలాంటి పట్టికలకు నేనూ నిండు మార్కులు వేశాను. ప్రాక్టికల్ పరీక్షలో చెడిపోయిన వలయం ఇవ్వాలంటాను. నాలుగు టార్చి సెల్లులు, రెండు బల్బులు, కొంచెం తీగ, ఒక తుప్పు మర చాలు. తప్పు ఎక్కడ ఉందో, అక్కడే ఉందని ఎలా తెలిసిందో రాయమనాలి. ఊహించి సరిగ్గా చెప్పినవాడికి సగం మార్కులే, కొలిచి చూపినవాడికి నిండుగా.

ఇది చెబితే నాతో పనిచేసిన మాస్టారొకాయన మండిపడ్డాడు. “పిల్లలు ఇంటికెళ్ళి స్విచ్ బోర్డులు విప్పితే ఎవరు జవాబుదారీ?” అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు. మన ఇళ్ళలో ఉన్నది 230 వోల్టులు, అది చంపుతుంది. మీరెవరూ దాన్ని విప్పకూడదు. ఆ బండిలో కూడా 120 వోల్టుల పెట్టె జోలికి నేను పోలేదు, దానికి లైసెన్సున్న మనిషిని పిలిచాం. కాని 6 వోల్టుల సెల్లులతో వెతకడం నేర్చినవాడు పెద్ద కరెంటు దగ్గర చెయ్యి పెట్టకముందే ఆలోచిస్తాడనీ, ఏమీ నేర్వనివాడే స్క్రూడ్రైవరు తీస్తాడనీ నా నమ్మకం. మా అల్లుడు ఇంజనీరే. నేను మాస్టారిని. ఇద్దరమూ ముందు స్క్రూడ్రైవరే తీశాం.

కొత్త స్విచ్ మీద ‘ఏకాంతర విద్యుత్తుకు మాత్రమే’ అని ముద్రించి ఉందని మనవరాలే చూసింది. 60 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తు సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది గనక, స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టే నిప్పురవ్వ తనంత తానే ఆరిపోతుంది. ఏకముఖ విద్యుత్తుకు ఆ సదుపాయం లేదు. 12 వోల్టుల దగ్గర రవ్వ చిన్నదేలే అన్నాను. మనవరాలు ఒప్పుకోలేదు. చెత్తబుట్టలోంచి పాత స్విచ్ తీసి, తుడిచి, మళ్ళీ దాన్నే బిగించాం. కొత్తది నా బల్ల సొరుగులో ఉంది.