విశ్రాంతి కూడా సాధనే

తెల్లవారకముందే మైదానం చేరే క్రీడాకారుణ్ణి లోకం మెచ్చుకొంటుంది. వారానికొకనాడు సాధన మానిన వాణ్ణి సోమరి అంటుంది. ఈ తీర్పు పునరాలోచింపదగినది. విశ్రాంతిదినం సాధనలో ఒక విడదీయరాని భాగం.

కఠిన వ్యాయామం వల్ల కండరాల తంతువులు సూక్ష్మంగా చిట్లుతాయి. కండరాలలో నిలువ ఉన్న గ్లైకోజెన్ తరిగిపోతుంది. అది తిరిగి నిండడానికి సుమారు ఒక రోజు పడుతుంది. చిట్లిన తంతువులు కోలుకొని మునుపటికంటె దృఢమయ్యేది విశ్రాంతి సమయంలోనే. విత్తనం చల్లిన రైతు మొలక కోసం వేచి ఉంటాడు. మరునాడే మళ్ళీ పొలం దున్నడు.

ఇందుకు ఇంగ్లండుకు చెందిన రోజర్ బానిస్టర్ చరిత్ర చక్కని ఉదాహరణ. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తాలన్నది ఆ వైద్యవిద్యార్థి సంకల్పం. అందుకు పావుమైలుకు అరవై సెకన్లయినా మించరాదు. 1954 వసంతకాలంలో ఎంత సాధన చేసినా ఆయన వేగం అరవై ఒక్క సెకన్ల వద్ద ఆగిపోయింది. అప్పుడాయన సాధనను పెంచలేదు. పరుగు మాని, మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో కలసి స్కాట్లండు కొండలెక్కడానికి వెళ్ళాడు. కొద్దిరోజుల తరువాత తిరిగివచ్చి యాభై తొమ్మిది సెకన్లలో పరుగెత్తాడు. పందేనికి ముందు అయిదు రోజులు పూర్తిగా విశ్రమించాడు. మే 6న ఆక్స్‌ఫర్డులో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగించి చరిత్ర సృష్టించాడు.

విశ్రాంతి కరవైన ఎముకపై పదేపదే ఒత్తిడి పడితే సన్నని చీలిక ఏర్పడవచ్చు. 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పి.వి.సింధు ఎడమ చీలమండలో అట్టి చీలిక వచ్చి, అదే నెలలో జరిగిన ప్రపంచ పోటీలకు దూరమైంది. కొన్ని నెలలు ఆడలేకపోయింది. శిఖరస్థాయి క్రీడాకారిణికే తప్పనిది, ఎదిగే వయసు పిల్లలకు తప్పుతుందా?

విశ్రాంతి పేరిట బద్ధకం ప్రవేశిస్తుందని కొందరు శిక్షకుల భయం. అది నిరాధారం కాదు. అయితే రెండింటికీ భేదం స్పష్టమే. ఆదివారం విశ్రాంతి అని సోమవారమే నిర్ణయించుకొన్నవాడు క్రమశిక్షణ కలవాడు. ఆదివారం ఉదయం దుప్పటిలో ఉండి నిర్ణయించుకొన్నవాడు సోమరి. కనుక పరుగుకు, కసరత్తుకు కేటాయించినట్లే విశ్రాంతికీ సాధనపట్టికలో చోటు కల్పించాలి. ఆ దినాన్ని శిక్షకుడూ, తల్లిదండ్రులూ గౌరవించాలి. పరుగెత్తడానికి బలం చాలు. ఆగవలసిన వేళ ఆగడానికి వివేకం కావాలి.