నిలిపిన గూడ్సు కదిలితే

ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి గూడ్సు బండిని లూపు లైనులో నిలిపితే, వంతెన మెట్లెక్కే ఓపిక లేక పెట్టెల కింద దూరి అవతలికి పోవడం జనగామ, మహబూబాబాద్ వైపు పలువురికి అలవాటే. ఇంజను లేని బండి అయితే మరీ ధీమా. ఆ ధీమా ఎంతటిదో 2023 జూన్ 7న ఒడిశాలోని జాజ్‌పూర్ కియోంఝర్ రోడ్ స్టేషనులో తేలిపోయింది. గాలివానకు తలదాచుకుందామని ఇంజను లేని గూడ్సు పెట్టెల కింద చేరిన కూలీలలో ఆరుగురు, పెట్టెలు కదలడంతో నలిగి చనిపోయారు.

ఇంజను విడదీసిన బండి ఎందుకు కదులుతుందన్నది తెలుసుకోదగిన సంగతి. రైలు బ్రేకు గాలితో పనిచేస్తుంది. గొట్టంలో గాలి తగ్గితే, పెట్టె కిందనున్న తొట్టిలో నిలువ ఉన్న గాలి బ్రేకు దిమ్మలను చక్రాలకు అదుముతుంది. గంటలు గడిచిన కొద్దీ ఆ నిలువ గాలీ కారిపోతుంది, పట్టు సడలుతుంది. కాబట్టే పెట్టెలకు చేతి బ్రేకులు బిగించాలి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి, గొలుసులు వేయాలి. కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో 2013 జూలై 6న చమురు బండి దొర్లి ఊరి మీద పడి 47 మందిని బలిగొన్నది కూడా ఇంజను ఆగి, గాలి కారి, బిగించిన చేతి బ్రేకులు చాలకనే.

మన దేశంలో 2024 ఫిబ్రవరి 25న జమ్ములోని కఠువాలో డ్రైవరు దిగిపోయిన గూడ్సు, కంకర నిండిన 53 పెట్టెలతో పల్లం వెంట దానంతటదే బయలుదేరింది. పంజాబులోని ఉంచీ బస్సీ వరకు 70 కిలోమీటర్లకు పైగా పోయింది. ముందున్న స్టేషన్లకు కబురందించి, గేట్లు మూయించి, దారి ఖాళీ చేయించారు. చివరకు పట్టాలపై చెక్క దిమ్మలు, ఇసుక బస్తాలు వేసి నిలిపారు. ఎవరికీ ఏమీ కాలేదు. అంతకు ముందు 2018 ఏప్రిల్‌లో ఒడిశాలోని టిట్లాగఢ్ నుండి ప్రయాణికులతో నిండిన అహమ్మదాబాద్-పూరీ ఎక్స్‌ప్రెస్ ఇంజను లేకుండానే కేసింగా వైపు దొర్లిపోగా, పట్టాలపై రాళ్ళు పెట్టి ఆపారు. పెట్టెలకు బ్రేకు వేయడంలో అశ్రద్ధే ఇందుకు కారణమట!

అమెరికాలోని ఒహాయోలో 2001 మే 15న మనిషి లేని 47 పెట్టెల బండిని ఆపిన తీరు వేరు. మరో ఇంజను వెనుక నుండి తరుముకుపోయి దానికి తగులుకొని వెనక్కు లాగి వేగం తగ్గించగా, ఒక ఉద్యోగి పక్కన పరుగెత్తి ఇంజను ఎక్కి ఆపాడు. అది సాహసమే. కాని ముందే చేతి బ్రేకు చక్రం నాలుగు చుట్లు బిగిస్తే ఇంతటి సాహసంతో పని ఉండదు.

భూపాలపల్లి వారికి ఇది కొత్త మాట కాదు. కాకతీయ ఖని ఇంక్లైన్లలో తాడు తెగిన టబ్బు ఎలా దూకుతుందో కార్మికులకు తెలుసు. అందుకే వాలులో స్టాప్ బ్లాకులు పెడతారు. గనిలో ఉన్న భయం స్టేషనులో లేకపోవడం శోచనీయం.

గూడ్సు వదలి దిగే ముందు పెట్టెలు బిగించినదీ లేనిదీ స్టేషను మాస్టరు చూసి రాసుకోవాలి. డ్యూటీ గంటలు మించి అలసిన డ్రైవరు చేతిలో ఈ పని వదలరాదు. ఇక ఊరివారి వంతు. పెట్టె పక్కనున్న బ్రేకు చక్రాన్ని పిల్లలు ఆటగా తిప్పకుండా, చక్రాల కింది దిమ్మలను పొయ్యిలోకని ఎవరూ ఎత్తుకుపోకుండా పెద్దలు కట్టడి చేయాలి. బండి మనిషి లేకుండా కదిలినట్టు కనిపిస్తే దాని వెంట పరుగెత్తక, దగ్గరి గేటుమన్‌కో, స్టేషనుకో, లేదా 139 నంబరుకో వెంటనే చెప్పాలి. కఠువా బండిని పట్టుకోగలిగింది, అది చేరక ముందే దాని కబురు ముందు స్టేషనుకు చేరినందుకే.