కమోడ్‌కు చూడాల్సింది దిక్కు కాదు, వాటం

పాత బాత్‌రూమ్ పగలగొట్టి కొత్త కమోడ్ బిగించుకోవాలనుకునే చాలా ఇళ్లలో మేస్త్రీ కంటే ముందు వాస్తు పండితుడు అడుగుపెడుతున్నాడు. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంటే వంశానికి అరిష్టమంటాడు. కూర్చున్నప్పుడు ముఖం తూర్పుకు ఉండకూడదంటాడు. పూజగది గోడకు బాత్‌రూమ్ గోడ ఆనకూడదంటాడు. ఇంటివాళ్లు భయపడి, అప్పు చేసైనా సరే, బాగున్న గోడలు కూలగొట్టిస్తారు. ఆధారం లేని ఈ భయం డబ్బు పోగొట్టడంతో ఆగదు, అసలు ప్రమాదాలను చూడనివ్వదు.

ఈశాన్యంలో బావి ఉండేది కాబట్టి పెద్దలు అక్కడ మరుగుదొడ్డి వద్దన్నారని వాస్తును సమర్థించేవారు చెబుతుంటారు. బావికి దూరంగా ఉండాలన్నది మంచి మాటే. అలాగైతే చూడాల్సింది బావి ఎక్కడుందని. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణాల నియమం చెబుతోంది. వాయవ్యంలో గుంత తవ్వితే వాస్తు సంతోషిస్తుంది. ఆ గోడ అవతలే పక్కింటివాళ్ల బోరు ఉంటే? వాస్తు మన ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. మురుగు ఆగదు.

ఈ నమ్మకాన్ని పరీక్షించే ఏర్పాటు మన నగరాల్లో వీధివీధినా ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పది అంతస్తుల అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఒకే షాఫ్ట్‌లో పైపులు దిగాలి కనుక కింది ఫ్లాట్ నుంచి పై ఫ్లాట్ దాకా మరుగుదొడ్లు ఒకే మూలన, ఒకదానిపై ఒకటి ఉంటాయి. దిక్కే జాతకం రాస్తే ఆ పది కుటుంబాలకూ ఒకే కష్టం రావాలి. కానీ ఒకరింట పెళ్లి జరుగుతుంది, ఒకరింట ఉద్యోగం పోతుంది, ఒకరు ఆరోగ్యంగా తొంభై ఏళ్లు బతుకుతారు. గోడలు మార్చలేని చోట బాత్‌రూమ్‌లో కల్లుప్పు గిన్నె పెట్టమంటారు వాస్తు పండితులు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంతకుమించి దానికి ఏ మహిమా లేదు.

ఇంట్లోవాళ్ల ఆరోగ్యాన్ని నిజంగా కాపాడేది కమోడ్ అడుగున వంపు తిరిగిన గొట్టం. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంట్ పొందిన ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. సుమారు 50 మిల్లీమీటర్ల ఆ నీటి అడ్డే మురుగు వాయువులను ఇంట్లోకి రానివ్వదు. గాలి ఆడేందుకు పెట్టే వెంట్ పైపు సరిగా లేకపోతే, జోరుగా దిగే నీరు ఆ అడ్డును కూడా లాక్కుపోతుంది. అప్పుడు వచ్చే కంపుకు కారణం పైపులోనే ఉంటుంది.

వాటం సంగతి కూడా అంతే. నాలుగంగుళాల పైపును మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాటంతో వేస్తారు. పండితుడి మాట మీద కమోడ్‌ను నాలుగు మీటర్లు జరిపితే పైపు మరో ఎనిమిది, పది సెంటీమీటర్లు కిందికి దిగాలి. స్లాబ్‌లో అంత లోతు దొరక్కపోతే మేస్త్రీ వాటం తగ్గిస్తాడు. మలం పైపులో నిలిచిపోతుంది, జాయింట్లు కారతాయి, కింది ఇంటి కప్పు చెమ్మగిల్లుతుంది. దోషం పోగొట్టుకోవడానికి చేసిన పనే ఇంటికి దోషం తెచ్చిపెడుతుంది.

మరుగుదొడ్డి చుట్టూ అల్లిన ఈ వాస్తు భయానికి వేరు ఇంకా లోతుగా ఉంది. మలాన్ని మైలగా, దాన్ని ఎత్తే మనిషిని అంతకంటే మైలగా చూసిన కుల వ్యవస్థే ఆ వేరు. పూజగది గోడ గురించి అంత పట్టింపు ఉన్న ఇంట్లో, ట్యాంకు నిండినప్పుడు లోపలికి దిగే మనిషి గురించి ఎవరూ పండితుణ్ణి అడగరు. ఆ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. మోతాదు పెరిగితే అది వాసన తెలియకుండా చేసి, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అలా దించడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. పారిశుద్ధ్య కార్మికుల హక్కుల ఉద్యమకారుడు బెజవాడ విల్సన్ వంటివారు దశాబ్దాలుగా పోరాడుతున్నా ఈ చావులు ఆగలేదు. అరిష్టం అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే. దీనికి కారణం మనుషులే కాబట్టి మనుషులే ఆపగలరు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ విధి మన బాత్‌రూమ్‌లో కూడా వర్తిస్తుంది. కొత్త కమోడ్ బిగించే ముందు ప్లంబర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి. వాటం ఎంత? వెంట్ పైపు ఎక్కడ? గుంతకు మన బోరు, పక్కింటి బోరు ఎంత దూరం? మనిషి దిగకుండా యంత్రంతో తోడేందుకు ట్యాంకు మూత అందుబాటులో ఉందా? గోడ కూల్చడానికి దాచిన డబ్బు వీటికి ఖర్చు పెట్టండి.