సున్నా వేరు, దొరక్కపోవడం వేరు

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. ప్రోగ్రామ్ క్రాష్ అవ్వకపోతే చాలు, సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క! వెబ్ పేజీలో అయితే ఓ బటన్ పనిచెయ్యదు, అంతే. పాత పెర్ఫార్మెన్స్ డేటా చదివే ప్రోగ్రామ్‌లో అయితే మాత్రం ఎవడో అమాయకుడి అప్రైజల్ పోతుంది.

పెర్ఫార్మెన్స్ కో-పైలట్ సంగతే తీసుకోండి. ఎస్‌జీఐ వాళ్ళు తయారుచేసి 2000లో ఓపెన్ సోర్స్ చేశారు. పీఎంలాగర్ రాసిన ఆర్కైవ్‌ని సీ లో చదవాలంటే, ముందు దానిమీద కాంటెక్స్ట్ తెరవాలి. తరవాత పీఎంలుకప్‌నేమ్ కి మెట్రిక్ పేర్లిచ్చి ఐడీలు తెచ్చుకోవాలి. విలువలన్నీ ఐడీల కిందే ఉంటాయి, పేర్ల పట్టిక విడిగా మెటా ఫైల్లో ఉంటుంది. లాగర్‌కి చెప్పని మెట్రిక్ అందులో ఉండదు. లైవ్ మెషీన్ మీద చూసి "నాకు వస్తోందే" అంటే కుదరదు బాబూ!

అసలు మెలిక ఇక్కడుంది. పది పేర్లిస్తే ఏడే దొరికాయనుకోండి. ఆ ఫంక్షన్ నెగటివ్ ఎర్రర్ ఇవ్వదు, పదికంటే తక్కువ సంఖ్య ఇస్తుంది. దొరకని పేర్ల చోట నల్ ఐడీ పెడుతుంది. మనవాళ్ళేమో "సున్నాకంటే తక్కువా?" అని మాత్రం చూసి ముందుకెళ్ళిపోతారు. ఫెచ్ చేసినప్పుడు ఆ మెట్రిక్‌కి విలువే రాదు. గడి ఖాళీగా ఉంటే బాగోదని రిపోర్ట్‌లో 0 వేస్తారు!

ఓ కంపెనీలో ఇది నా కళ్ళారా చూశాను. సర్వర్ పడిపోయిన రాత్రి డిస్క్ రీడ్‌లు 0 అని రిపోర్ట్ చెప్పింది. డిస్క్ తప్పేం లేదు, ఆన్‌కాల్ కుర్రాడే సరిగ్గా చూడలేదని మీటింగ్‌లో తేల్చేశారు. తీరా చూస్తే ఆ ఆర్కైవ్‌లో డిస్క్ మెట్రిక్కే లేదు. ఆ కుర్రాడికి సారీ చెప్పినవాళ్ళూ లేరు.

"పేర్ల గొడవెందుకు, ఐడీ నంబర్లే కోడ్‌లో రాసేస్తే పోలా?" అంటారు కొందరు. 60.0.20 అని రాస్తే ఆర్నెల్ల తరవాత అదేమిటో రాసినవాడికే గుర్తుండదు. పైగా ఆ ఐడీ కూడా ఆర్కైవ్‌లో ఉంటుందన్న గ్యారంటీ ఏముంది?

చెయ్యాల్సింది రెండు లైన్ల పని. ఇచ్చిన పేర్ల సంఖ్య, వచ్చిన సంఖ్య సమానమేనా చూడండి. కాకపోతే దొరకని పేరు ప్రింట్ చేసి, రిపోర్ట్‌లో "డేటా లేదు" అని రాయండి. తెలియనిదాన్ని సున్నా అనడం బగ్ కాదు, అబద్ధం. కాదంటారా?