దెబ్బ వేరు, కుళ్ళు వేరు
ఆపిల్ చెట్టుకు దీర్ఘమైన చలికాలం అవసరం. అందుచేత రాయ్‌పూర్ బజారుకు ఆ పండ్లు కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌ల నుండి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రావలసిందే. దారిలో దెబ్బతిన్నవి చౌకగా దొరుకుతాయి. తొక్క, గింజలు తీసి, ముక్కలను కొద్ది నీటితో సన్నని సెగపై ఉడికించి మెదిపితే చక్కని గుజ్జు తయారవుతుంది.

అయితే ఒక భేదం గుర్తించాలి. దెబ్బకు కమిలిన భాగం హానికరం కాదు. బూజుపట్టి కుళ్ళిన పండులో మాత్రం పాటులిన్ అనే విషపదార్థం పుట్టవచ్చు. ఉడికించినా అది పూర్తిగా నశించదు. ఆపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. కుళ్ళిన పండును పూర్తిగా పారవేయడమే అసలైన పొదుపు.