పైడికంటిని పిల్లలకు చూపండి

సంధ్యాదీపం పెట్టిన తరువాత చింతచెట్టు మీద గూబ కూసిందంటే మన ఇళ్లలో జరిగే మొదటి పని పిల్లవాణ్ణి లోపలికి లాగి తలుపు మూయడం. రెండవ పని మరునాడు ఉదయమే పురోహితుని వద్దకు రావడం. నలభై ఏళ్లకు పైగా నల్లగొండ, పాలమూరు పల్లెలలో అటువంటి వారికి శాంతులు చేయించినవాణ్ణి కనుక ఈ మాట వ్రాసే అర్హత కొంత నాకున్నదనుకుంటాను. ఆ తలుపు తెరవండి. పిల్లలను వాకిట్లోకి తీసుకువచ్చి ఆ పక్షిని చూపండి.

"వేదమే దానిని అశుభమన్నది కదా!" అని మీరు అడగవచ్చు. ఋగ్వేదం పదవ మండలం 165వ సూక్తంలో గూబ పలుకు వ్యర్థమగుగాక అన్న ప్రార్థన ఉన్నమాట నిజమే. కానీ ఆ సూక్తం ప్రధానంగా పావురాన్ని గురించినది. పావురం ఇంట ప్రవేశిస్తే ఈ ఋక్కులతో హోమమో జపమో చేయమని ఆశ్వలాయన గృహ్యసూత్రం విధించింది. ఆ పావురాలకే నేడు మనం ఆలయ ప్రాంగణాలలో జొన్నలు చల్లుతున్నాము. (చల్లండి, నేను వద్దనను.) దోషమంతా మాత్రం గూబ నెత్తిన వేశాము. పైగా ఆ పక్షిని ఋక్కుతో పంపివేయమన్నారే గాని రాయితో కాదు. ఏడవ మండలంలో ఉలూకరూపంలో వచ్చే రాక్షసుణ్ణి సంహరించమని ఇంద్రుణ్ణి వేడిన మంత్రాన్ని కొందరు చూపుతారు. అదే మంత్రంలో సుపర్ణరూపంలో వచ్చే రాక్షసుడూ ఉన్నాడు. అంతమాత్రాన గరుడపక్షి కనబడితే రాయి విసురుతామా? చెంపలు వేసుకొని నమస్కరిస్తాము.

కణాద మహర్షి వైశేషికానికి ఔలూక్య దర్శనమని మరొక పేరున్నది. వంగదేశంలో లక్ష్మీదేవికి గూబయే వాహనం. అంత దూరమెందుకు, బల్లిని, తేలును శిరస్సున ధరించిన ఆలంపురం జోగులాంబ తల్లి ఉన్న నేల మనది. ఆ తల్లి పిల్లలకు ఒక పిట్టను చూచి భయమెందుకు?

గూబ అంటే ఒకటే పక్షి అని పిల్లలనుకుంటారు. పెద్దలమూ అంతే. మన ఊళ్లలో పొద్దుగూకుతుండగానే చెట్టు తొర్రలోనుండి తల బయటపెట్టి, మనలను చూచి తలను పైకీ క్రిందికీ ఆడించే గోరింకంత పిట్ట ఒకటున్నది. బూడిదవన్నె ఒంటిపై తెల్లని చుక్కలు, పసుపుపచ్చని కళ్లు. దానినే పూర్వులు పైడికంటి అన్నారు. పైడి అంటే బంగారం. ఎంత ముద్దైన పేరు! పిల్లలకు మొదట పరిచయం చేయదగినది ఇదే, ఎందుకంటే చీకటి పడకముందే కనబడుతుంది, ఆలుమగలు జంటగా కిచకిచలాడతాయి.

రెండవది తెల్లని, హృదయాకారపు ముఖంగల గూబ. పాడుబడిన మేడలలో, గోపురాల గూళ్లలో నివసిస్తుంది. దీనికి మనం పెట్టిన పేరు చావుపిట్ట. పాలమూరు వేరుశనగకు, నల్లగొండ వరికి శత్రువైన ఎలుకను రాత్రంతా వేటాడే పక్షికి ఈ బిరుదు! దాని రెక్క ఈకల అంచు దువ్వెన పళ్లవలె ఉండడంచేత ఎగిరినా చప్పుడు కాదు. చీకటిలో తెల్లగా, నిశ్శబ్దంగా తలమీదుగా పోతే మనవాళ్లు దయ్యమనుకోవడంలో వింత లేదు. దేవరకొండ, రాచకొండ వంటి రాతిగుట్టలను ఇష్టపడే కొమ్ముల గూబ ఇంకొకటి. ఆ కొమ్ములు నిజానికి ఈకల కుచ్చులే. నీటిపట్టున పెద్దచెట్లపై ఉండి చేపలు పట్టే గూబ వేరు. ఏ గూబకైనా కన్ను గుంటలో కదలదు, అందుకే మెడను దాదాపు ముప్పాతిక చుట్టు త్రిప్పగలదు. ఈ సంగతి చెప్పి చూడండి, పిల్లలు మీ ఎదుటనే మెడలు త్రిప్పి ప్రయత్నిస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. సుమారు ముప్పై ఏళ్ల క్రిందట ఒక గ్రామంలో గోపురానికి సున్నం వేయిస్తుండగా గూటిలో బుసలు వినబడ్డాయి. పామని పనివారు దిగివచ్చారు. చూస్తే తెల్లగూబ పిల్లలు. అవి బెదిరితే అట్లాగే బుసకొడతాయని అప్పుడు నాకు తెలియదు. తీసివేయమన్నాను, సంప్రోక్షణ చేశాను. తల్లిపక్షి మూడు రాత్రులు గోపురం చుట్టూ తిరిగింది. లోపల ఏకాంతసేవ చేస్తూ ఆ అరుపు విన్నాను.

వాల్మీకి రామాయణం ఉత్తరకాండ ప్రక్షిప్త సర్గలలో ఒక గ్రద్దకూ గూబకూ గూటికోసం తగవు వస్తుంది. ఇద్దరూ శ్రీరాముని సభకు వెళతారు. ఈ గూడు ఎప్పటినుండి నీది అని రాముడు అడుగుతాడు. భూమి మనుష్యులతో నిండిన నాటినుండి అన్నది గ్రద్ద. భూమి చెట్లతో నిండిన నాటినుండి అన్నది గూబ. మనుష్యులకంటె చెట్లు ముందువి కనుక గూడు గూబదేనని రాముడు తీర్పు చెప్పాడు. గ్రద్ద శాపవశుడైన బ్రహ్మదత్తుడనే రాజు, ఆ పిమ్మట అతనికీ విముక్తి కలిగింది. ప్రక్షిప్తమైనా ఎంత చక్కని కథ! ప్రవచనంలో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు ఆ గోపురమే కళ్లముందు మెదలుతుంది. ఈ కథ పిల్లలకు చెప్పి, తరువాత పైడికంటిని చూపండి. చింతతోపులను నరికి ప్లాట్లు వేస్తున్న ఈ రోజులలో రామయ్య అడిగిన ప్రశ్నను వాళ్లే మనలను అడుగుతారు.

దీపావళి అమావాస్యకు క్షుద్రపూజలకోసం గూబలను పట్టి అమ్ముతున్నారని 2010లో ట్రాఫిక్ సంస్థ నివేదిక వెల్లడించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది జైలుశిక్ష పడే నేరం. శాస్త్రం పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని అందుకు పురికొల్పితే, ఏ గృహ్యసూత్రంలో ఉందో చూపమనండి.

చూడడానికి వెళ్లినప్పుడు కొంచెం దూరంగా నిలబడండి. టార్చిలైటు కళ్లలో వేయవద్దు, తొర్రలో కర్ర పెట్టవద్దు. పిల్ల క్రింద పడి ఉంటే అటవీశాఖ వారికి తెలపండి. అప్పటికీ మనసు కుదుటపడక శాంతి కావాలనిపిస్తే మరునాడు రండి, చేయిస్తాను. పిల్లవాణ్ణి కూడా వెంటబెట్టుకు రండి. ఏ గూబను చూశాడో అడగాలి.